దోసెడు తవుడు

మా నాయిన మొదటి పిలుపుకు పలకడు. రెండో పిలుపుకూ పలకడు. మూడోసారి పిలిస్తే "ఆఁ" అంటాడు, అదీ తల తిప్పి ఎవరు పిలిచారో చూసుకున్నాకే. అమ్మ బతికి ఉన్నన్నాళ్లూ దీని మీద విసుక్కుంటూనే ఉంది. "ఈయనకు చెవుల డాక్టరు గాదు, గుడి గంట గావాలె" అనేది. చిక్కడపల్లిలో మా వీధి చివర కిరాణా కొట్టాయన కూడా అలవాటు పడిపోయి, నాయిన కనబడితే మూడుసార్లు వరసగా పిలిచి అప్పుడు ఊపిరి తీసుకుంటాడు.

ఎందుకు పలకవని అడిగితే నాయిన ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు. "మనిషైతే మూడుసార్లు పిలుస్తడు బిడ్డా. ఒక్కసారి పిలిచి ఊకునేటోళ్లు వేరే ఉంటరు." నాయినమ్మ నేర్పిందట. నేను ముప్పై ఏళ్లు నారాయణగూడలో ఒక బళ్లో సైన్సు చెప్పినదాన్ని. ధ్వని గాలిలో ఎలా ప్రయాణిస్తుందో పిల్లలకు దారం, అగ్గిపెట్టెలు పెట్టి చూపించినదాన్ని. అలాంటి మాటలు వింటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

ఉద్యోగం నుంచి దిగిపోయి ఏడాది అవుతోంది. ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అంటారు. ఆ రెండూ నాకు చేతకావు. పెళ్లి కాకపోవడానికి నా నోరే కారణమని చుట్టాలు అంటారు. కావచ్చు, దానికి నాకేం దిగులు లేదు. ఇంట్లో నేనూ నాయినా ఇద్దరమే. పొద్దున పేపరు, పది గంటలకు కూరగాయలు, మధ్యాహ్నానికి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. అప్పుడే నాకు వంశవృక్షం పిచ్చి పట్టింది.

పెద్ద డ్రాయింగు షీటు కొని డైనింగు టేబుల్ మీద పరిచాను. పైన ముత్తాత, కింద తాత, నాయినమ్మ, వాళ్ల పిల్లలు, మేము, మా తర్వాతివాళ్లు. ఒక్కొక్కరికి ఒక గడి, గడికీ గడికీ మధ్య ఒక గీత. చుట్టాలందరికీ ఫోన్లు చేసి విసిగించాను. సంపాదించిన ప్రతి ముక్కనూ మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో కథలాగా రాసి పెట్టేదాన్ని. తాతకు మునిమనవళ్లయ్యే పిల్లలు కూడా చదివి బొమ్మలు పెట్టేవాళ్లు. నాకు తెలియకుండానే నాకు గర్వం వచ్చింది. పాఠం వింటున్న క్లాసు దొరికింది కదా.

నాయిన గడి దగ్గరికొచ్చేసరికి ఆయన కర్ర పట్టుకుని వచ్చి షీటు మీదకు వంగి చూశాడు.

"నా పేరు ఆళ్ల కింద రాయకు. పక్కకు రాయి. గీత గియ్యకు" అన్నాడు.

"గీత లేకుంటె నువ్వు ఎవరి కొడుకువని రాయాలె?"

వెళ్లి మంచం మీద పడుకున్నాడు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. పెన్సిలుతో గీత గీసి ఉంచాను.

నాయిన చదువుకున్న మొదటి బడి నారాయణగూడలోనే, మా బడికి రెండు వీధుల అవతల. ఇప్పటికీ ఉంది. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ నాకు తెలిసిన మనిషే. పాత అడ్మిషన్ రిజిస్టరు చూపించమంటే బీరువా పైనుంచి దింపించింది. అంతా ఉర్దూలో ఉంది. ఆ బళ్లో పనిచేసి మానేసిన ఒక ఉర్దూ సారును పిలిపించి చదివించాను. ఆయన వేలు పెట్టి పేర్లు చదువుతూ నాయిన పేరు దగ్గర ఆగాడు. తండ్రి పేరు ఉండాల్సిన చోట మా తాత పేరు లేదు. మా పాత ఇంటి పక్కన బర్లు పెంచుకుని పాలు అమ్మిన ఆయన పేరు ఉంది.

ఏ గుమాస్తా నిద్రలో రాశాడో అని నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి నాయిన ముందు ఆ గుమాస్తాను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. నాయిన అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"రాసినాయన తప్పు రాయలె" అన్నాడు.

ఇక నన్ను ఆపడం ఎవరి తరం? అశోక్‌నగర్‌లో మాకొక అత్త ఉంది. సొంత మేనత్త కాదు, ఆ పాల ఇంటివాళ్ల కూతురు. నాయిన కంటే నాలుగైదేళ్లు చిన్న. ప్రతి ఏడూ రాఖీ పున్నమికి వచ్చి నాయినకు రాఖీ కట్టి, నాకు బొట్టు పెట్టి, ఒక పూట ఉండి వెళ్తుంది. మేం చిన్నప్పటి నుంచీ ఆమెను రాఖీ అత్త అంటాం. పాత ఇరుగుపొరుగు ప్రేమ అనుకున్నాను తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

ఆమె ఉండే బిల్డింగు కింద అంతా జిరాక్సు షాపులు, పోటీ పరీక్షల పుస్తకాలు, పైన హాస్టళ్లు. రెండో అంతస్తు ఎక్కి, రిజిస్టరు సంగతి చెప్పాను. అత్త కొంగు సర్దుకుని నా ఎదురుగా కూర్చుంది.

"మీ నాయిన చెప్పలేదా?"

"చెప్తే నీ దగ్గరికెందుకొస్త?"

"మీ నాయినమ్మకు పిల్లలు నిలుస్తలేకుండెనంట. పుట్టినోళ్లు పుట్టినట్టే పోవుడు. మీ నాయిన పుట్టిన మూడో నాడు చాటల పండవెట్టి మా గడప మీదికి తెచ్చిన్రు. మా అమ్మ దోసెడు తవుడు ఇచ్చి కొనుక్కున్నది. పిలగాడు నాది, నువ్వు పాలిచ్చి సాకు అని మీ నాయినమ్మ చేతిలనే పెట్టింది. ఇగ ఆ ఇంట్ల పిలగాడే లేడాయె. యముడొస్తే ఎవర్ని తీస్కపోతడు?"

తవుడుకు అమ్మడం అనే మాట నేను వినకపోలేదు. పిల్లలు దక్కని ఇళ్లలో ఒకప్పుడు అందరూ చేసిందే. కానీ మా ఇంట్లో, మా నాయిన విషయంలో జరిగిందంటే నాకు ఒళ్లంతా పులకరించింది. ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉన్నవి ఒక్కొక్కటే అర్థమయ్యాయి. నాయిన తన తల్లిని "అక్కా" అని పిలిచేవాడు. ఉమ్మడి ఇంట్లో తోటికోడళ్లు పిలిచినట్టు పిల్లలూ పిలవడం మామూలే కదా అనుకున్నాం. "అమ్మా" అని పిలిచింది ఆ పాలామెను ఒక్కదాన్నే. ఆమె పోయాక ఆ మాట ఆయన నోట మేమెవరం వినలేదు. అందరి ఇళ్లలో తండ్రులు కూతుళ్లను అమ్మా అంటారు. నన్ను ఒక్కనాడూ అనలేదు. నేను ఎప్పుడూ బిడ్డనే.

"మరి ఎప్పుడు తిరిగి తెచ్చుకున్నరు?" అని అడిగాను. ఆ తవుడు తిరిగి ఇచ్చేసి పిల్లవాణ్ని మళ్లీ కొనుక్కోవాలని నాకు తెలుసు. పెళ్లికి ముందు చాలామంది అలా చేస్తారు.

"తెచ్చుకోలె. మీ నాయినమ్మ అడగలె, మా అమ్మ ఇయ్యలె." అత్త గొంతు తగ్గించింది. "మా అమ్మ పోయేటప్పుడు నాకొక్క మాట చెప్పింది. ఆ ఇంటోళ్లు తవుడు పట్టుకొని వొచ్చి అడిగితె లేదనొద్దు, పాపం తగుల్తది. అడగకుంటె మాత్రం నువ్వై నువ్వు గుర్తు చెయ్యకు అన్నది."

ఆ మాటలో మొదటి సగమే నేను విన్నాను. రెండో సగం చెవిలో పడ్డా మనసులో పడలేదు. మంచి కథ దొరికిన సంతోషంలో ఉన్నాను.

ఆ సాయంత్రమే గ్రూపులో రాశాను. ఎప్పుడూ లేనంత సందడి అయింది. అంబర్‌పేట్‌లో ఉన్న మా చిన్నాయన కూతురు ఫోన్ చేసి ఒకటే నవ్వు. "అక్కా, అంటె పెదనాయినను మనం ఇన్నేండ్లు ఊకెనే వాడుకుంటున్నమా? పుట్టినరోజుకు కొనుక్కుందాం తియ్" అంది. నాయినకు ఎనభై రెండు నిండబోతున్నాయి. ఆ మాట నాకు బాగా నచ్చింది. తిరిగి కొనుక్కుంటే ఆ పెన్సిలు గీత మీద పెన్నుతో గీయొచ్చు. నా తండ్రి నా చెట్టులో ఉండాలి, నాకు కావలసింది అంతే. అందులో తప్పేముందో అప్పుడు నాకు కనబడలేదు.

హైదరాబాదులో తవుడు సంపాదించడం ఇంత కష్టమని అనుకోలేదు. మా కిరాణా కొట్టాయన "తవుడెందుకు మేడం, ఓట్స్ ఉన్నయ్ గదా" అన్నాడు. హిమాయత్‌నగర్‌లో పెద్ద షాపులో తవుడు నూనె దొరికింది కానీ తవుడు దొరకలేదు. చివరికి కవాడిగూడలో దాణా అమ్మే కొట్టు ఒకటి పట్టుకున్నాను. "బర్రెకా, ఆవుకా?" అని అడిగాడు. "మా నాయినకు" అన్నాను. అతను నవ్వలేదు.

నాయినకు చెప్పకుండా స్టీలు డబ్బాలో తవుడు పోసుకుని అశోక్‌నగర్ వెళ్లాను. డబ్బా చూడగానే అత్త మొహం మారిపోయింది.

"అన్నకు ఎరుకేనా?"

నాతో ఎప్పుడూ మీ నాయిన అంటుంది. ఆ రోజు అన్న అంది. నేను పట్టించుకోలేదు. "లేదు, పుట్టినరోజుకు చెప్త" అన్నాను. ఫోన్ అల్మారాలో నిలబెట్టి వీడియో పెట్టాను.

"అడుగుతున్నవా బిడ్డా?"

"అడుగుతున్న."

"నిజంగ అడుగుతున్నవా?"

"అయ్యో అత్తా, అడుగుతున్న."

"ఇంకొక్కసారి అడుగుత నిన్ను. అడుగుతున్నవా?"

"అడుగుతున్న, మా నాయినను మాకిచ్చెయ్" అని నవ్వాను.

అత్త రెండు చేతులూ దోసిలి పట్టింది. తవుడు పోశాను. వేళ్ల సందుల్లోంచి కొంత గచ్చు మీద రాలింది. "తీస్కపో. మీ పిలగాడు మీకే" అంది. గొంతులో తడి లేదు. నేను మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది, అత్త నాకు బొట్టు పెట్టలేదు. ఆ ఇంటి నుంచి బొట్టు లేకుండా రావడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి పెన్సిలు గీత మీద నల్ల బాల్‌పెన్నుతో గట్టిగా గీశాను.

పుట్టినరోజు నాడు పాయసం చేసి, అన్నాల దగ్గర వీడియో చూపించాను. నాయిన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చూశాడు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"తవుడు తీసుకున్నదా?" అన్నాడు.

"కనబడుతలేదా? తీసుకున్నది."

ఫోన్ టేబుల్ మీద బోర్లించి, పాయసం గిన్నె పక్కకు జరిపాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది, నేనూ రెండు మాటలు అనేదాన్ని.

"నాకు ముందు ఒకడుండె" అన్నాడు. "నాకు అన్న. వాణ్ని గూడ తవుడుకే అమ్మిన్రు, ఆ ఇంటికే. ఐదేండ్లు మంచిగ పెరిగిండంట. ఇగ భయం లేదని మీ తాత తవుడు ఇచ్చి తెచ్చుకున్నడు. చుట్టాలను పిలిచి అన్నాలు వెట్టిండు. నెల తిరగలె."

"ఏమైంది? జ్వరమా?"

"జ్వరం గాదు, ఏం గాదు. లోపట ఆడుకుంటుండెనంట. ఎవరూ పిలవలె. ఆఁ, వస్తున్న అని వాకిట్లకు ఉరికిండు. గడప కాడ్నే పడ్డడు. అంతే."

ఆ పిల్లవాడు నా షీటులో లేడు. ఎవరూ నాకు చెప్పలేదు, ఏ రిజిస్టరులోనూ లేడు. ఇన్ని నెలలు ఇంతమందిని అడిగి నేను సంపాదించిన చెట్టులో వాడికి ఒక గడి కూడా లేదు.

"అందుకే మీ నాయినమ్మ నన్ను అడగలె" అన్నాడు నాయిన. "చిన్నప్పుడు నేను మరిచిపోయి అమ్మా అంటె పలికేది గాదు. ఎదురుంగ నిలవడి ఏడిచినా పలికేది గాదు. నీ అమ్మ పక్కింట్ల ఉన్నది పో అనేది. పోయేటప్పుడు గూడ అక్కా అనే పిలిచిన. అప్పుడు పలికింది."

నాకు ఏడుపు వచ్చింది, దాని వెనకే కోపం. అరిచాను. ఆ కాలంలో టీకాలు లేవని, పుట్టుకతోనే గుండెలో లోపం ఉన్న పిల్లలు అలాగే పడిపోతారని, తవుడులో ఉండేది పీచు పదార్థం తప్ప ఇంకేం కాదని క్లాసులో చెప్పినట్టు చెప్పాను. నాయిన ఓపిగ్గా విన్నాడు.

"నిజమే గావచ్చు బిడ్డా. నాకేం భయం లేదు. ఆ తవుడు నన్ను ఎనభై రెండేండ్లు దాచిపెట్టింది, చాలదా?"

చెయ్యి కడుక్కుని ముందు గదిలోకి వెళ్లాడు. అక్కడ గోడకు నాయినమ్మ ఫొటో ఉంది. దాని ముందు నిలబడి, కొత్త మాట నేర్చుకుంటున్నవాడిలా నెమ్మదిగా, "అమ్మా" అన్నాడు.

నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆటో ఎక్కి అశోక్‌నగర్ వెళ్లాను. అత్త తలుపు తీసి నా మొహం చూసి పక్కకు తప్పుకుంది.

"ఆ తవుడేది? నాకిచ్చెయ్. మళ్ల నువ్వే కొనుక్కో" అన్నాను.

"ఆవుకు పెట్టిన. ఇంట్ల ఉంచొద్దనిపించింది."

"ఇంకో దోసెడు తెస్త. నువ్వు నాకియ్యి, నేను నాయినను నీకు అమ్ముత."

"కన్నతల్లి అమ్మాలె బిడ్డా. కూతురు తండ్రిని అమ్ముతదా? ఎవరన్న కొంటరా?" అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేను గుర్తు చెయ్యలె. మూడుసార్లు అడిగిన గదా నిన్ను."

మళ్లీ ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.

మర్నాడు నాయినను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గుండె, రక్తం, అన్నీ చూసి "మీ నాన్నగారి బీపీ నాకుంటే బాగుండు" అని జోక్ చేశాడు. ఆ కాగితాలు తెచ్చి షీటు పక్కనే పెట్టాను. షీటు మీద ఆ గీతను బ్లేడుతో గీకి చూశాను. కాగితం చిరిగింది కానీ గీత పోలేదు. చిరిగినచోట ఒక చిన్న గడి వేసి, పేరు తెలియని ఆ ఐదేళ్ల పెదనాయినను కూడా చేర్చాను. గ్రూపులో మాత్రం ఇవేవీ రాయలేదు. పెదనాయినను కొన్నాం కదా, పార్టీ ఎప్పుడని అంబర్‌పేట్ చెల్లెలు ఇంకా అడుగుతూనే ఉంది.

నాయిన హాయిగా ఉన్నాడు, అదే నాకు పరేషాన్. అన్నం తింటాడు, పేపరు చదువుతాడు. రోజూ పొద్దున ఫొటో ముందు నిలబడి ఆ ఒక్క మాట అంటాడు. ఇన్నేళ్లుగా దాచుకున్న పిలుపు కదా, తనివి తీరడం లేదు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. తల్లిని అమ్మా అని పిలవొద్దని ఏ కూతురు చెప్పగలదు?

నాకే మతి పోతోంది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, గంటకు పదిసార్లు "నాయినా, నాయినా, నాయినా" అని మూడుసార్లు పిలుస్తున్నాను. వేరే పిలుపుకు సందు ఇవ్వకూడదని. "ఏంది బిడ్డా, ఊకె పిలుస్తున్నవ్?" అంటాడు. నీళ్లు కావాలా అనో, ఫ్యాను వెయ్యాలా అనో ఏదో ఒకటి అంటాను. ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన నోటితోనే పిలుస్తున్నాను.

తవుడు ఇచ్చి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. మధ్యాహ్నం రెండు దాటింది. డైనింగు టేబుల్ మీద షీటు పక్కకు జరిపి ఇది రాసుకుంటున్నాను. రాతలో పడి పిలవడం మరిచిపోయి ఎంతసేపయిందో.

ఇప్పుడే లోపలి గదిలోంచి నాయిన గొంతు వినబడింది. "ఆఁ, వస్తున్నమ్మా" అన్నాడు. కర్ర చప్పుడు, చెప్పుల కోసం కాలితో తడుముకుంటున్న చప్పుడు. మొదటిసారి నన్ను అమ్మా అన్నాడు కాబోలు అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

కానీ నేను పిలవలేదు.